బాబాయ్ పికప్, ఒక చిన్న స్క్రూ: బండి నిలకడగా నిలబడకపోవడం వెనక ఉన్న చరిత్ర

మొదలుపెట్టే ముందు ఒక శబ్దం వినిపిస్తాను. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

(ఇంజన్ శబ్దం, పది సెకన్లు)

విన్నారుగా. డుగ్ డుగ్ డుగ్ అని పోతూ మధ్యలో ఒక దెబ్బ మింగేస్తోంది. మళ్ళీ తేరుకుంటోంది, మళ్ళీ మింగేస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది, అద్దంలో వెనక కారు కూడా వణుకుతూ కనిపిస్తుంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే ఏమీ ఎరగనట్టు నున్నగా పోతుంది. మన మెకానిక్‌లు దీన్నే "స్లోలో నిలబడట్లేదు సార్" అంటారు. ఇంగ్లీషులో రఫ్ ఐడిల్.

ఇది మా బాబాయ్ బండి. 1992 టొయోటా పికప్, 22ఆర్-ఈ అనే నాలుగు సిలిండర్ల ఇంజన్, అయిదు గేర్ల మాన్యువల్. ఈ ఎపిసోడ్ ఆ బండి రిపేర్ గురించే, కానీ ఇది చరిత్ర చానెల్ కదా అని మీరు కంగారు పడక్కర్లేదు. ఈ వణుకు ఎక్కడిదో వెతుక్కుంటూ వెళ్తే నేను 1943 లాస్ ఏంజిలెస్‌లో తేలాను. అక్కణ్ణుంచి వెనక్కొచ్చేసరికి మా బాబాయ్ పాతికేళ్ళుగా దాచిన ఒక విషయం బయటపడింది.

ముందు బండి సంగతి. బాబాయ్ 1999లో వై2కె హడావిడిలో, హైదరాబాద్‌లో కోబాల్ నేర్చుకుని అమెరికా వచ్చిన బ్యాచ్. మొదటి కాంట్రాక్ట్ ఫీనిక్స్‌లో. అందరూ సెకండ్ హ్యాండ్ కామ్రీలు, కరోలాలు కొంటుంటే ఈయన పికప్ కొన్నాడు. ఎందుకు బాబాయ్ అంటే, "ఊళ్ళో ట్రాక్టర్ తోలినోణ్ణిరా, వెనక తొట్టి లేకపోతే బండిలా అనిపించలేదు" అన్నాడు. 2001లో దాన్నే తోలుకుంటూ కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ వచ్చేశాడు.

ఇక్కడొక తమాషా ఉంది. డ్రైవర్ వైపు డాష్‌బోర్డ్ మీద, అద్దం కింద చాసిస్ నెంబర్ ఉంటుంది. మొదటి అక్షరం జె అయితే బండి జపాన్‌లో తయారైనట్టు. దీనిది 4తో మొదలవుతుంది, అంటే అమెరికాలో తయారైంది. 1964 నుంచి అమెరికా బయటి దేశాల పికప్‌ల మీద 25 శాతం సుంకం వేస్తోంది. యూరప్ వాళ్ళు అమెరికా కోడిమాంసం మీద పన్ను పెంచారన్న కోపంతో వేసింది, అందుకే దాని పేరే చికెన్ ట్యాక్స్. ఆ దెబ్బ తప్పించుకోవడానికి టొయోటా మొదట్లో తొట్టి లేకుండా బండి తెచ్చి, తొట్టి లాంగ్ బీచ్‌లో తయారు చేయించి బిగించేది. తర్వాత 1984లో జనరల్ మోటర్స్‌తో కలిసి ఫ్రీమాంట్‌లో నుమ్మి అనే ఫ్యాక్టరీ పెట్టింది. 1991 నుంచి అక్కడ పికప్‌లు కూడా చేశారు. అంటే ఈ బండి పుట్టింది ఫ్రీమాంట్‌లోనే. అరిజోనా వెళ్ళింది, బాబాయ్ చేతిలో పడి పుట్టిన ఊరికి తిరిగొచ్చింది. ఆ ఫ్యాక్టరీ 2010లో మూతపడింది, అదే ఏడాది టెస్లా కొనుక్కుంది. ఇప్పుడక్కడ ఐడ్లింగ్ అనే మాటే లేని బళ్ళు తయారవుతున్నాయి.

2014 నుంచి బండి గరాజ్‌లోనే ఉంది. రోడ్డెక్కించడం లేదని డీఎంవీకి కాగితం రాసిచ్చి పక్కన పెట్టేశాడు. అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి ఆపేసేవాడంతే. ఈ మధ్య పిన్నికి ఆ జాగా కావాల్సొచ్చింది. బాబాయ్ నాతో, "నెలాఖరులోగా స్మాగ్ టెస్ట్ పాసైతే ఉంచుకుంటా, లేకపోతే తుక్కుకి ఇచ్చేస్తా. నువ్వెలాగూ ఉద్యోగం మానేసి ఖాళీగా ఉన్నావుగా, చూడు" అన్నాడు. ఖాళీగా లేను, వీడియోలు చేస్తున్నా అని చెప్పి లాభం లేదు. ఆయన దృష్టిలో రెండూ ఒకటే.

కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోల్ బళ్ళలో చాలావాటికి రెండేళ్ళకోసారి పొగ పరీక్ష ఉంటుంది. 2000 తర్వాతి బండైతే కంప్యూటర్‌కి వైరు తగిలించి చూసేస్తారు. అంతకు ముందుదైతే చాలా ప్రాంతాల్లో రోలర్ల మీద ఎక్కించి, గంటకి 15 మైళ్ళు, 25 మైళ్ళ స్పీడులో తోలి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి కొలుస్తారు. కాలని పెట్రోలు, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, మూడూ. బానెట్ ఎత్తి కంపెనీ బిగించిన సామానంతా ఉందా లేదా అని కూడా చూస్తారు. ఈ చూడ్డం అనే మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు నా మొదటి తప్పు. బండి స్లోలో ఆగిపోతోంది కదా అని థ్రాటిల్ బాడీ మీద ఉన్న ఐడ్లింగ్ స్క్రూ విప్పేసి, 750 ఉండాల్సిన ఆర్‌పీఎంని 1100 చేశాను. వణుకు సగం తగ్గింది. చాలా గర్వపడ్డాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ టైమవుట్ అవుతుంటే కారణం చూడకుండా టైమవుట్ విలువ పెంచేవాళ్ళం, అచ్చం అదే పని. రోగం అలాగే ఉంది, థర్మామీటర్ మార్చానంతే.

అసలు స్లోలోనే ఎందుకు వణుకుతుంది? స్పీడులో ఎందుకు వణకదు? నేను కాగితం మీద లెక్క వేశాను. ఈ ఇంజన్ 2.4 లీటర్లు. 750 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 375 సార్లు నిండుతుంది. కానీ థ్రాటిల్ మూసేసి ఉంటుంది కాబట్టి గాలి పీల్చడానికి పక్కనున్న సన్న దారి ఒక్కటే. లోపల గాలి ఒత్తిడి బయటి దాంట్లో మూడో వంతే ఉంటుంది. మొత్తం మీద నిమిషానికి సుమారు 300 లీటర్ల గాలి. ఎక్కడో ఒక చీలికలోంచి 30 లీటర్లు దొంగగాలి దూరిందనుకోండి, పదో వంతు. అదే హైవే మీద ఫుల్‌గా తొక్కితే నిమిషానికి నాలుగు వేల లీటర్ల పైనే. పైగా అప్పుడు లోపల పీల్చే బలం తగ్గుతుంది కాబట్టి ఆ చీలికలోంచి వచ్చే గాలి కూడా దాదాపు ఉండదు. అందుకే చిన్న తప్పులన్నీ సిగ్నల్ దగ్గరే బయటపడతాయి.

పాత కార్బ్యురేటర్ బళ్ళకీ ఈ బాధ ఉండేది, కానీ వాటికి స్క్రూడ్రైవర్ చాలు. మన ఊళ్ళలో స్కూటర్ మెకానిక్ చెవి దగ్గర పెట్టుకుని విని, రెండు స్క్రూలు అటూ ఇటూ తిప్పి "అయిపోయింది పోండి" అనేవాడు. గాలి ఇంత, పెట్రోలు ఇంత, రెండిటికీ చెరో స్క్రూ. మరి ఈ టొయోటా బానెట్ ఎత్తితే సన్నటి నల్ల రబ్బరు గొట్టాలు పాముల పుట్టలా ఎందుకున్నాయి? జవాబు బానెట్ అడుగున ఒక స్టిక్కర్ మీద ఉంది. ఏ గొట్టం ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్ళాలో గీసిన బొమ్మ. ఆ బొమ్మలో ఒక్కో గీత ఒక్కో చట్టం, నిజంగానే.

1943 జులైలో లాస్ ఏంజిలెస్ మీద ఒక రోజు కళ్ళు మండించే పొగమంచు కమ్మింది. యుద్ధం రోజులు కదా, జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమో అని కూడా కొందరు భయపడ్డారు. ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీలని తిట్టుకున్నారు. 1950ల మొదట్లో కాల్‌టెక్‌లో హాగెన్-స్మిట్ అనే డచ్ రసాయన శాస్త్రవేత్త దీని గుట్టు విప్పాడు. ఆయన అప్పటిదాకా చేస్తున్న పని ఏంటో తెలుసా, అనాసపండుకి ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో కనిపెట్టడం. అదే పద్ధతిలో ఊరి గాలిని పట్టి పరీక్షించి, కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఎండ, ఈ మూడూ కలిస్తేనే ఈ పొగ అని తేల్చాడు. అంటే దోషులు చాలావరకు కార్లు. కార్ల కంపెనీలు, చమురు కంపెనీలు ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మొదటి గొట్టం అప్పుడొచ్చింది. ఇంజన్ లోపల పిస్టన్ పక్కనుంచి జారే ఆవిర్లు అంతకు ముందు ఒక పైపు ద్వారా నేరుగా రోడ్డు మీదకి పోయేవి. 1961లో కాలిఫోర్నియా ఆ ఆవిర్లని మళ్ళీ ఇంజన్‌లోకే పంపి కాల్చాలని నిబంధన పెట్టింది, 1963 మోడల్ నుంచి అమలు. దాని కోసం పెట్టిందే పీసీవీ వాల్వ్. మంచి పనే, కానీ ఐడ్లింగ్ దృష్టితో చూస్తే ఇంజన్ గాలి పీల్చుకునే చోట ఒక కొత్త కన్నం. ఆ కన్నంలోంచి వచ్చేది ఎప్పుడూ కొలత ప్రకారమే రావాలి.

తర్వాత 1970 చివరి రోజు నిక్సన్ సంతకం పెట్టిన చట్టం. కాలని పెట్రోలు, కార్బన్ మోనాక్సైడ్ అయిదేళ్ళలో 90 శాతం తగ్గించాలి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఇంకో ఏడాదిలో. గడువులు తర్వాత పొడిగించారనుకోండి. నైట్రోజన్ ఆక్సైడ్లతో చిక్కేంటంటే, ఇంజన్ ఎంత వేడిగా, ఎంత బాగా మండితే అవి అంత ఎక్కువ పుడతాయి. దానికి దొరికిన ఉపాయం ఈజీఆర్. సైలెన్సర్‌కి పోయే పొగలో కొంచెం వెనక్కి తెచ్చి మళ్ళీ సిలిండర్‌లో కలపడం. ఆ పొగ మండదు, వేడి తగ్గిస్తుంది. కానీ స్లోలో ఉన్నప్పుడు ఆ పొగ వస్తే అసలే చాలీచాలని గాలితో మండుతున్న మంట ఆరిపోతుంది. అందుకని స్లోలో ఈజీఆర్ వాల్వ్ బిగుతుగా మూసుకుని ఉండాలి, దారిలో మాత్రం తెరుచుకోవాలి. ఎప్పుడు తెరవాలో చెప్పడానికి ఇంకో నాలుగు గొట్టాలు.

1970ల మధ్యలో అమెరికన్ కార్లు ఎంత దరిద్రంగా నడిచేవో ఆ తరం మెకానిక్‌లు ఇప్పటికీ కథలు చెప్తారు. ఒకే కార్బ్యురేటర్ మీద ఇన్ని పనులు పెట్టేసరికి చల్లగా ఉంటే ఆగిపోవడం, వేడెక్కితే వణకడం, తొక్కితే దగ్గడం. జనం ఏం చేశారు? ఈజీఆర్ గొట్టం పీకేసి అందులో ఒక బంతో, స్క్రూనో కుక్కేశారు. బండి హాయిగా నడిచేది. చట్టప్రకారం నేరమే, అయినా ఇది ఇంచుమించు జానపద విద్య అయిపోయింది.

ఈ గందరగోళానికి జవాబుగా వచ్చిందే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్. ఆలోచన అమెరికాదే. బెండిక్స్ కంపెనీ ఎలక్ట్రోజెక్టర్‌ని 1958లో క్రైస్లర్ కొన్ని కార్లకి పెట్టింది. అప్పటి ఎలక్ట్రానిక్స్ ఆ వేడికి, అదురుకి తట్టుకోలేదు, చాలావాటికి మళ్ళీ కార్బ్యురేటర్లే బిగించారు. పేటెంట్లు జర్మనీలో బాష్ చేతికెళ్ళాయి. 1967లో వాళ్ళ డి-జెట్రానిక్ అమెరికాకి పంపే ఫోక్స్‌వాగన్ 1600లో వచ్చింది. 1974లో ఎల్-జెట్రానిక్. ఎల్ అంటే జర్మన్‌లో లుఫ్ట్, గాలి. లోపలికి వచ్చే గాలి దారిలో ఒక రెక్క తలుపు పెట్టారు. గాలి ఎంత తోస్తే తలుపు అంత తెరుచుకుంటుంది, కంప్యూటర్ ఆ తలుపు చూసి పెట్రోలు లెక్క కడుతుంది. బాబాయ్ బండిలో ఉన్నది ఆ వంశమే.

ఇందులో ఒక డిజైన్ నమ్మకం దాగుంది. గాలి అంతా ఆ తలుపు గుండానే వస్తుంది అని. తలుపు దాటాక ఎక్కడ చీలిక ఉన్నా ఆ గాలి లెక్కలోకి రాదు. కంప్యూటర్ తక్కువ పెట్రోలు పోస్తుంది, సైలెన్సర్‌లోని ఆక్సిజన్ సెన్సర్ "పెట్రోలు చాల్లేదు" అని అరుస్తుంది, కంప్యూటర్ కొంచెం పెంచుతుంది, తగ్గిస్తుంది, పెంచుతుంది. మనం విన్న ఊగిసలాటలో సగం అదే.

ఇక బండి దగ్గరికి వద్దాం. ముందు కోడ్లు చూశాను. ఇంజన్ పక్కన చిన్న డబ్బాలో టీఈ1, ఈ1 అనే రెండు పిన్నులుంటాయి, వాటిని ఒక వైరు ముక్కతో కలిపి తాళం తిప్పితే చెక్ ఇంజన్ లైటు మిణుకుతూ కోడ్ చెప్తుంది. ఆగకుండా ఒకే తీరుగా మిణికింది, అంటే అంతా బాగానే ఉందట. వాక్యూమ్ మీటర్ పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ 17 నుంచి 21 అంగుళాల మధ్య నిలకడగా చూపించాలి. ఇది 14 దగ్గర, ముల్లు వణుకుతూ. తర్వాత ఈ తరహా ఇంజన్లకి పనికొచ్చే ఒక పాత చిట్కా. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తియ్యండి. ఇంజన్ బాగుంటే వెంటనే తడబడాలి, ఎందుకంటే మీరు దొంగగాలికి తలుపు తీశారు. మా బండి పట్టించుకోనే లేదు. ఇల్లంతా కన్నాలుంటే ఇంకో కిటికీ తీసినా తేడా తెలీదు కదా.

పిన్ని మొక్కలకి కొట్టే స్ప్రే బాటిల్‌లో సబ్బునీళ్ళు పోసుకుని ఒక్కో అతుకు మీద కొడుతూ విన్నాను. కొందరు కార్బ్యురేటర్ క్లీనర్ కొడతారు, సైలెన్సర్ ఎర్రగా కాలుతున్న చోట ఆ పని నేను చెయ్యను. గాలి తలుపు నుంచి థ్రాటిల్‌కి వెళ్ళే లావు గొట్టం ఉంటుంది, మడతలు మడతలుగా, అకార్డియన్ లాగా. దాని అడుగున నీళ్ళు పడగానే శబ్దం మారింది. విప్పి మడతలు సాగదీసి చూస్తే లోపలి మడతలో బొటనవేలంత చీలిక. చేత్తో పట్టుకుంటే మూసుకునే ఉంటుంది, ఇంజన్ ఊగినప్పుడు మాత్రం నోరు తెరుస్తుంది. పీసీవీ వాల్వ్ చుట్టూ ఉన్న రబ్బరు వాషర్ కూడా ప్లాస్టిక్‌లా గట్టిపడిపోయింది, వేలు పెడితే ముక్కలైంది.

ఆ రెండూ కొత్తవి వేశాక స్టార్ట్ చేస్తే ఇంజన్ ఒక్కసారిగా 1400కి ఎగిరింది. భయపడిపోయాను, తర్వాత గుర్తొచ్చింది, నేను విప్పిన స్క్రూ. తిరిగి 750కి దింపాను. వాక్యూమ్ 18 అయింది. బాగుంది కదా, ఇక్కడితో ఆపి ఉండాల్సింది. నాకు అత్యాశ. ఉన్న సన్న గొట్టాలన్నీ ముప్ఫై ఏళ్ళ పాతవి, ఎండిపోయి ఉన్నాయి, స్టిక్కర్ బొమ్మ చూసుకుంటూ ఒకదాని తర్వాత ఒకటి అన్నీ మార్చేశాను. శనివారం మొత్తం పట్టింది. ఆదివారం పొద్దున్న ఫ్రీమాంట్ బులవార్డ్ మీద ఒక రౌండ్ కొట్టి మొదటి సిగ్నల్ దగ్గర ఆగితే, బండి దడదడలాడి ఆగిపోయింది. మొదటి రోజుకన్నా ఘోరం.

ఇలాంటప్పుడు ఇంజినీర్‌కి వచ్చే చికాకు వేరు. ప్రతి మార్పూ సరైనదే. ప్రతి గొట్టం బొమ్మ ప్రకారమే ఉంది. అయినా ఫలితం తప్పు. కోడ్‌లో అయితే మార్పులు ఒక్కొక్కటీ వెనక్కి తీసుకుంటాం, సరే ఇక్కడా అదే చేద్దామని చెత్తబుట్టలో పారేసిన పాత గొట్టాలు ఏరుకున్నాను. ఈజీఆర్ వాల్వ్‌కి వెళ్ళే గొట్టం చేతిలోకి తీసుకుంటే మిగతావాటికన్నా బరువుగా ఉంది. నొక్కితే మధ్యలో గట్టిగా ఏదో తగిలింది. బ్లేడుతో చీలిస్తే లోపల తుప్పు పట్టిన చిన్న స్క్రూ.

అంటే ఇన్నేళ్ళూ ఈ బండిలో ఈజీఆర్ పనిచెయ్యలేదు. నేను గొట్టం మార్చడంతో పదేళ్ళ పైన కదలకుండా ఉన్న వాల్వ్ ఆదివారం పొద్దున్న మొదటిసారి తెరుచుకుంది. లోపల పేరుకున్న మసి పెచ్చు ఊడి వాల్వ్ కూర్చునే చోట ఇరుక్కుంది. సిగ్నల్ దగ్గర మూసుకోవాల్సింది మూసుకోలేదు, పొగ లోపలికొచ్చేసింది. కోడ్ ఎందుకు రాలేదంటారా, కాలిఫోర్నియా కోసం చేసిన బళ్ళలో ఈజీఆర్ దగ్గర వేడి చూసే సెన్సర్ ఒకటి అదనంగా ఉండేది, పొగ రాకపోతే పట్టేసేది. ఇది అరిజోనాకి అమ్మిన బండి. దీనికి ఆ కన్ను లేదు.

స్క్రూ పట్టుకుని ఇంట్లోకెళ్ళాను. బాబాయ్ కాఫీ తాగుతున్నాడు. టేబుల్ మీద పెట్టాను. చాలాసేపు చూశాడు.

"ఇదింకా ఉందా" అన్నాడు.

"నువ్వే పెట్టావా?"

"ఫీనిక్స్‌లో మా రూమ్మేట్ చెప్పాడ్రా. పెడితే మైలేజ్ పెరుగుతుంది, సిగ్నల్ దగ్గర తన్నదు అన్నాడు. నిజంగానే తన్నలేదు."

"మరి ఇక్కడికొచ్చాక స్మాగ్ టెస్ట్‌లు ఎలా పాసయ్యావు బాబాయ్?"

ఆయన కాఫీ కప్పులోకి చూస్తూ, "టెస్టు ముందు రోజు తీసేసేవాణ్ణి. ఇంటికొచ్చాక పెట్టేసేవాణ్ణి" అన్నాడు. పిన్ని వంటింట్లోంచి, "ఆదివారం ఆదివారం బానెట్ కింద ఏం చేస్తాడా అనుకునేదాన్ని" అంది.

నేను నవ్వాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఈ పని మా బాబాయ్ కనిపెట్టింది కాదు. కొన్ని పెద్ద కంపెనీలు ఇదే పని సాఫ్ట్‌వేర్‌లో చేశాయి. 1990ల మొదట్లో కొన్ని క్యాడిలాక్ కార్లు ఏసీ వేస్తే ఆగిపోతున్నాయని జనం ఫిర్యాదు చేశారు. మన సమస్యే చూడండి, స్లోలో నిలబడకపోవడం. జనరల్ మోటర్స్ ఏం చేసిందంటే, ఏసీ ఆన్‌లో ఉన్నప్పుడల్లా పెట్రోలు ఎక్కువ పొయ్యమని చిప్‌లో రాసింది. బళ్ళు ఆగడం మానేశాయి, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం హద్దు దాటింది. ప్రభుత్వ పరీక్ష ఏసీ ఆపి చేస్తారు కాబట్టి పరీక్షలో కనిపించదు. 1995లో పట్టుబడి, సుమారు 4,70,000 కార్లు వెనక్కి పిలవడానికి, మొత్తం దాదాపు 4.5 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకుంది. ఇక 2015 ఫోక్స్‌వాగన్ డీజిల్ గొడవ మీకు తెలిసిందే. బండి పరీక్షలో ఉందని సాఫ్ట్‌వేర్ కనిపెట్టి అప్పుడు మాత్రం శుభ్రంగా నడిపేది, ప్రపంచం మొత్తం మీద 1 కోటి 10 లక్షల కార్లలో. పరీక్ష ముందు స్క్రూ తియ్యడం, తర్వాత పెట్టడం. తేడా ఏంటంటే మా బాబాయ్ చేతులకి గ్రీజు అంటేది.

నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. నేను మానేసిన ఉద్యోగంలో, కంపెనీ పేరెందుకులెండి, ఒక సర్వీస్ తరచూ పడిపోయేది. క్లయింట్ చూసే ఒక డ్యాష్‌బోర్డ్ ఉండేది. డెమో ఉన్న రోజుల్లో ఎర్రర్లు లెక్కపెట్టే భాగాన్ని ఆపేసే ఒక ఫ్లాగ్ పెట్టాం. రాసింది నేనే. డెమో అయ్యాక మళ్ళీ ఆన్ చేసేవాణ్ణి. ఆర్నెల్ల తర్వాత ఒకసారి ఆన్ చెయ్యడం మర్చిపోయాను, అయిదు రోజులు ఎవరికీ తెలీలేదు. నా స్క్రూ అదీ. బాబాయ్‌ని ఏమనగలను.

సరే, పని. ఈజీఆర్ వాల్వ్ ప్లీనం వెనక, ఫైర్‌వాల్ వైపు ఉంటుంది, చెయ్యి దూరదు, బోల్టులు తుప్పు. ముందు రోజు రాత్రి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచాను. విప్పి చూస్తే దారి సగం పైగా మసితో పూడిపోయి ఉంది, మూకుడు అడుగున మాడిన నల్లటి పొరలాగా. గీరి, కడిగి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాను. చేతి పంపుతో వాల్వ్‌కి వాక్యూమ్ ఇస్తే స్లోలో ఉన్న ఇంజన్ తడబడి ఆగిపోవాలి, వదిలితే టక్కున మూసుకోవాలి. రెండూ జరిగాయి. దీనికి నేను ఒక పూట ఖర్చు పెట్టాను, బజార్లో దొరికే ఏ మందు సీసా కూడా ఈ పని చెయ్యదు.

పనిలో పనిగా ట్యాపెట్లు చూశాను. ఈ ఇంజన్‌కి వేడిగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ బాగా బిగుసుకుపోయింది, అందుకే ఒక దెబ్బ మింగుతోంది. టక్ టక్ మనే ట్యాపెట్‌ని అందరూ తిడతారు గానీ అసలు ప్రమాదం శబ్దం చెయ్యని బిగుతు ట్యాపెట్‌ది, వాల్వ్ సరిగ్గా మూసుకోక కాలిపోతుంది. ఆ రెండు పిన్నులు కలిపి ఇగ్నిషన్ టైమింగ్ 5 డిగ్రీలకి పెట్టి, చివరికి ఐడ్లింగ్ స్క్రూ ముట్టుకున్నాను. అది ఎప్పుడూ చివరే ముట్టుకోవాలి. 750. ముల్లు 19 దగ్గర, కదలకుండా.

టెస్ట్‌కి బాబాయ్ కూడా వచ్చాడు. బండి రోలర్ల మీద ఉన్నంతసేపూ బయట నిలబడి కాంక్రీట్ మీద చెప్పు రాస్తూనే ఉన్నాడు. కుర్రాడు బానెట్ ఎత్తి టార్చ్ వేసి గొట్టాలన్నీ చూస్తుంటే నా వైపు ఒకసారి చూశాడు. కాగితం చేతికొచ్చింది. మూడు అంకెలూ హద్దు లోపలే. నైట్రిక్ ఆక్సైడ్ కొంచెం దగ్గరగానే ఉంది, క్యాటలిటిక్ కన్వర్టర్ ముసలిదైపోయింది, వచ్చే రెండేళ్ళలో దాని పని పట్టాలి. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు మొదటి నిమిషం ఇంకా కాస్త ఊగుతోంది, అది వేడిని బట్టి గాలి దారి మూసే చిన్న మైనపు వాల్వ్ పని అనుకుంటున్నా, వచ్చే వారం విప్పుతాను.

తిరిగొచ్చేటప్పుడు బాబాయే తోలాడు. ఇంటికి దారి కాకపోయినా టెస్లా ఫ్యాక్టరీ ముందు నుంచి తీసుకెళ్ళాడు. అక్కడ ఎర్రలైటు పడింది. ఆయన స్టీరింగ్ మీద నుంచి రెండు చేతులూ తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పచ్చలైటు పడేదాకా ఇద్దరం ఏం మాట్లాడలేదు.

(ఇంజన్ శబ్దం, పది సెకన్లు)

ఇది ఆ సిగ్నల్ దగ్గర రికార్డ్ చేసింది.